గరాజ్ సీలింగ్‌కి చెక్క షీట్లు: ఆగస్టు నుంచి అక్టోబర్ దాకా మా ఇంట్లో జరిగింది (నా అనుభవం)

2025 ఆగస్టు 9, శనివారం. నాన్న మా గరాజ్‌లో కుర్చీ వేసుకుని కూర్చుని పైకి చూస్తున్నారు. "అమ్మాయ్, ఇంత ఇల్లు కట్టినవాడు ఇక్కడ కప్పు కింద ఏమీ వేయకుండా ఎందుకు వదిలేశాడు?" అని అడిగారు. నాన్న రోడ్లు భవనాల శాఖలో వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా రిటైరయ్యారు. ఏ ఇంటికి వెళ్లినా ముందు కప్పు చూస్తారు.

మాది ఒహాయోలో కొలంబస్‌కి ఉత్తరాన పావెల్ దగ్గర, 1998లో కట్టిన ఇల్లు. మేము 2022లో కొన్నాం. ఇంటికి ఆనుకునే రెండు కార్ల గరాజ్, లోపల కొలత 24 అడుగులు, 22 అడుగులు. పైన ట్రస్‌లు (రూఫ్‌ని మోసే త్రికోణపు చెక్క చట్రాలు) బయటికే కనిపిస్తాయి. చలికాలంలో ఆ గరాజ్‌లో పది నిమిషాలు నిలబడలేం. వేసవిలో కందిరీగలు ట్రస్‌ల మూలల్లో గూళ్లు కడతాయి. సీలింగ్ వేయించి, దాని మీద చలినీ వేడినీ ఆపే ఇన్సులేషన్ పోస్తే నాన్న వచ్చినప్పుడల్లా చిన్నచిన్న చెక్కపని చేసుకోవడానికి చోటు దొరుకుతుందని మా ఆయన అన్నారు. నా ఆశ ఇంకొకటి. కోనసీమలో మా తాతగారి పెంకుటింట్లో అటక ఉండేది. గంగాళాలు, ఇత్తడి బిందెలు, సంక్రాంతి బొమ్మల కొలువు పెట్టెలు అన్నీ దాని మీదే. గరాజ్‌కి కూడా గట్టి చెక్క షీట్లతో సీలింగ్ వేస్తే పైన అటక వచ్చేసినట్టే అనుకున్నాను. మా పద్నాలుగు సూట్‌కేసులు, బొమ్మల పెట్టెలు ఎక్కించేయొచ్చని లెక్క కూడా వేసుకున్నాను.

మర్నాడే సామాన్ల స్టోర్‌కి వెళ్లాం. ఆ రోజు ధరలు ఇలా ఉన్నాయి. 7/16 అంగుళం మందం ఓఎస్‌బీ షీట్, నాలుగడుగులు బై ఎనిమిదడుగులది, 12 డాలర్ల 48 సెంట్లు. అంతే కొలతలో 15/32 అంగుళం ప్లైవుడ్ 27 డాలర్లు. అర అంగుళం డ్రైవాల్ (జిప్సం పలక) 15, ఐదెనిమిదో వంతు (5/8) అంగుళం ఉండే, మంటని ఎక్కువసేపు ఆపే టైప్ ఎక్స్ డ్రైవాల్ 18. నాన్న ఓఎస్‌బీ షీట్ మీద చెయ్యి వేసి చూసి, "ఇది చెక్కా, చెక్క పేళ్లు జిగురుతో అతికించిన అట్టా?" అన్నారు. ఆయన చెప్పింది నిజమే, అది అలాగే తయారవుతుంది. కానీ అమెరికాలో ఇళ్ల పైకప్పులకీ గోడలకీ ఎక్కువగా వాడేది అదే.

ఏమీ కొనకుండా వచ్చేశాం. కారణం మా ఫ్రెండ్ ఒకామె చేసిన ఫోన్. వాళ్ల గరాజ్ పైన బెడ్‌రూమ్ ఉంది. "గరాజ్ సీలింగ్‌కి చెక్క వేస్తే ఇన్‌స్పెక్షన్‌లో ఒప్పుకోరు, మాకు టైప్ ఎక్స్ డ్రైవాలే వేయాలన్నారు" అని చెప్పింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. గరాజ్‌లో కారు అంటుకుంటే మంట ఇంట్లోకి రాకుండా ఆపేది ఆ పలకే కదా. పిల్లలు పడుకునే గది గరాజ్ గోడకి అవతలే ఉంది.

సోమవారం, ఆగస్టు 11న, బిల్డింగ్ డిపార్ట్‌మెంట్‌కి ఫోన్ చేశాను. ఫోన్ ఎత్తినావిడ ఎంతో ఓపికగా చెప్పింది. గరాజ్ పైన మనుషులుండే గది ఉంటే ఐదెనిమిదో వంతు అంగుళం టైప్ ఎక్స్ తప్పదు. పైన గది లేకుండా, గరాజ్ రూఫ్ కింది ఖాళీ, ఇంటి రూఫ్ కింది ఖాళీ ఒకటిగా కలిసిపోయి ఉంటే, గరాజ్ వైపు కనీసం అర అంగుళం డ్రైవాల్ ఉండాలి. "కానీ మీ గరాజ్‌కీ ఇంటికీ మధ్య గోడ ఎక్కడిదాకా వెళ్లింది? సీలింగ్ ఎత్తు దగ్గర ఆగిందా, రూఫ్ కింద చెక్కదాకా వెళ్లిందా?" అని అడిగింది. నేను ఫోన్ పట్టుకునే నిచ్చెన ఎక్కి చూశాను. డ్రైవాల్ నేల నుంచి రూఫ్ కిందిదాకా వెళ్లింది. "అలా అయితే మంటని ఆపే అడ్డు మీ గోడే. ఆ గోడ ఎక్కడా చిల్లు లేకుండా ఉంటే సీలింగ్‌కి ఏం వేయాలన్నది మీ ఇష్టం" అంది. ట్రస్‌లు తెరిచి వదిలేసి ఉండటానికి కారణం కూడా అదే. ఇంతకాలం బిల్డర్ పని సగంలో ఆపేశాడనుకున్నాం.

ఇది చదివేవాళ్లు ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి. మా ఇంటికి చెల్లింది మీ ఇంటికి చెల్లకపోవచ్చు. మీ గోడ సీలింగ్ దగ్గరే ఆగిపోయి ఉంటే డ్రైవాల్ లేకుండా ఉత్త చెక్క వేయకూడదు. ముందు నిచ్చెన ఎక్కి చూడండి, తర్వాత షీట్ల ధర చూడండి.

చెక్క వేయొచ్చని తేలగానే నేను ఆన్‌లైన్‌లో రెండు ఓవర్‌హెడ్ ర్యాక్‌లు ఆర్డర్ పెట్టేశాను. సీలింగ్‌కి వేలాడే ఇనుప ర్యాక్‌లు, ఒక్కొక్కటి నాలుగడుగులు బై ఎనిమిదడుగులు. పెట్టె మీద "600 పౌండ్లు మోస్తుంది" అని ఉంది. ఒక్కోటి 190 డాలర్లు. తొందరపడ్డాను.

డల్లాస్‌లో మా పెద్దమ్మ కొడుకు స్ట్రక్చరల్ ఇంజినీర్. ఆగస్టు 16న వీడియో కాల్‌లో ట్రస్‌లు చూపించాను. మొదట ఏమీ మాట్లాడలేదు.

"చెల్లీ, నువ్వు షీట్ గురించి అడుగుతున్నావు. ఆ షీట్‌ని పట్టుకునే ట్రస్ ఎంత మోస్తుందో తెలుసా?"

"గట్టి చెక్కలాగే ఉంది అన్నయ్యా. ఇరవై ఏడేళ్లుగా రూఫ్‌ని మోస్తోంది కదా."

"రూఫ్‌ని మోసేది పైకడ్డీ. నువ్వు వేలాడదీస్తానంటున్నది కిందికడ్డీకి. దాని మీద బరువు పెడతారని ఎవరూ అనుకుని ఉండరు. ట్రస్ డ్రాయింగ్ తెప్పించు. నేను చదివి చెప్తాను. కానీ నా లైసెన్స్ టెక్సాస్‌ది, ఒహాయోలో చెల్లదు. రాతపూర్వకంగా కావాలంటే అక్కడివాళ్ల దగ్గరే తీసుకోవాలి."

ఈ ట్రస్‌లు ఫ్యాక్టరీలో తయారై వస్తాయి. ప్రతి ఇంటికీ డిజైన్ డ్రాయింగ్ ఉంటుంది, పర్మిట్ ఫైల్లో పెడతారు. ఆగస్టు 18న రికార్డుల కోసం డిపార్ట్‌మెంట్‌కి ఈమెయిల్ రాశాను. 1998 నాటి కాగితం దొరుకుతుందని నాకు నమ్మకం లేదు. తొమ్మిది రోజుల తర్వాత, ఆగస్టు 27న, స్కాన్ చేసిన కాపీ వచ్చింది. ఒక్క డాలర్ కూడా తీసుకోలేదు.

అందులో ఓ మూల 20-10-0-10 అని ఉంది. అన్నయ్య వివరించారు. అన్నీ చదరపు అడుగుకి పౌండ్లలో. మొదటి 20 పైకడ్డీ మీద పడే మంచు లాంటి బరువు, తర్వాతి 10 రూఫ్ సామాను బరువు. మూడోది, సున్నా, కిందికడ్డీ మీద ఎవరైనా సామాన్లు పెడితే వచ్చే బరువు. చివరి 10 కిందికడ్డీకి శాశ్వతంగా అంటుకుని ఉండే సీలింగ్, ఇన్సులేషన్, లైట్ల కోసం.

"మూడో అంకె చూశావా? సున్నా. అంటే స్టోరేజ్ కోసం లెక్కే వేయలేదు."

తర్వాత నా ర్యాక్ లెక్క చేయించారు. నాలుగు ఎనిమిదులు 32 చదరపు అడుగులు. 600 పౌండ్లని 32తో భాగిస్తే చదరపు అడుగుకి దాదాపు 19 పౌండ్లు. పెట్టె మీద రాసిన 600 ఆ ఇనుప ర్యాక్ బలం. దాన్ని పట్టుకునే నా ట్రస్ బలం కాదు. ఈ మాట విన్నాక గుండె జారిపోయింది. మా కాలనీలోనే ఎన్ని గరాజ్‌లలో ఇలాంటి ర్యాక్‌ల మీద టైల్స్ పెట్టెలు, పుస్తకాలు ఎక్కించి, కింద పిల్లల సైకిళ్లు పెట్టి ఉంటారో!

నాన్న పక్కనే కూర్చుని అంతా విన్నారు. "మన అటక కింద టేకు దూలం ఉండేదమ్మా. దూలం ఎంత లావో చూసి అటక కట్టేవారు. ఇక్కడ అటక కడదామని ముందు అనుకుని, తర్వాత దూలం కోసం వెతుకుతున్నావు" అన్నారు. ర్యాక్‌లు వెనక్కి పంపేశాం. రిటర్న్ ఖర్చు 62 డాలర్లు మా మీదే పడింది.

అన్నయ్య చెప్పింది చాలనిపించినా, గరాజ్ తలుపు మోటార్, లైట్లు, కొత్త సీలింగ్, ఇన్సులేషన్ అన్నీ కలిపి ఒకసారి ఇక్కడి లైసెన్స్ ఉన్న ఇంజినీర్ చేత చూపించాలని మా ఆయన పట్టుబట్టారు. సెప్టెంబర్ 4న ఒకాయన వచ్చి ముప్పావు గంట చూశారు. మర్నాడు ఒకటిన్నర పేజీ ఉత్తరం పంపారు. 425 డాలర్లు. అందులో ఉన్నవి ఇవి: సీలింగ్, ఇన్సులేషన్ బరువు హద్దులోనే ఉంది. ట్రస్‌లో ఏ కడ్డీనీ కోయకూడదు, గాడి తీయకూడదు, పెద్ద రంధ్రం చేయకూడదు. షీట్ అంచుకి ఆధారం కావాలంటే పక్కన రెండు బై నాలుగు (అంగుళాల కొలత) చెక్క తగిలించుకోవచ్చు. పైన సామాన్లు పెట్టకూడదు, ర్యాక్‌లు వేలాడదీయకూడదు. డబ్బు ఎక్కువనిపించింది కానీ, ఇన్నాళ్లలో మొదటిసారి టెన్షన్ తగ్గింది ఆ రోజే.

ఇక ఏ షీట్? అటక ఆశ పోయాక చెక్క అవసరమా అని నాకే అనుమానం వచ్చింది. డ్రైవాల్ వేసేస్తే పోయేది కదా. ఇద్దరు కాంట్రాక్టర్లని అడిగాం. అర అంగుళం డ్రైవాల్ వేసి, టేపు, మడ్డు (అతుకులు కప్పే ముద్ద) పూసి, గీకి ఇవ్వడానికి ఒకరు 2,150 డాలర్లు అడిగారు. మా ట్రస్‌ల మధ్య దూరం 24 అంగుళాలు. అంత దూరానికి మామూలు అర అంగుళం డ్రైవాల్ మీద ఇన్సులేషన్ పోస్తే కాలక్రమంలో కిందికి కుంగుతుందని, కుంగకుండా చేసిన ప్రత్యేక సీలింగ్ బోర్డో, ఐదెనిమిదో వంతుదో వాడాలని ఆయనే చెప్పారు. పైగా హీటింగ్ లేని గరాజ్‌లో చలికాలం, వేసవి మార్పులకి టేపు అతుకులు పగులుతాయట. మంచు పట్టిన కార్లు లోపలికి వచ్చి కరిగినప్పుడు తేమ కూడా ఎక్కువే. డ్రైవాల్‌కి ఇవన్నీ పడవు.

ప్లైవుడ్ చూడటానికి బావుంటుంది, అంచులు నీటికి ఓఎస్‌బీ అంత ఉబ్బవు. కానీ మాకు కావలసిన షీట్లకి దాదాపు 250 డాలర్లు ఎక్కువ. ఎలాగూ రంగు వేసేస్తాం. ఓఎస్‌బీ మీద ముద్ర చదవడం అన్నయ్య నేర్పించారు. ఏపీఏ (చెక్క షీట్ల నాణ్యత చూసే సంస్థ) ముద్ర, 24/16 అనే అంకెలు, "ఎక్స్‌పోజర్ 1" అనే మాట. మొదటి 24 అంటే పైకప్పుకి వాడినప్పుడు ఆధారాల మధ్య 24 అంగుళాల దూరం దాకా సరిపోతుంది. రెండోది నేలకి వాడితే 16 అంగుళాలు. మనకి పైకప్పు కంటే తక్కువ బరువే పడుతుంది కాబట్టి 7/16 అంగుళం చాలు. ఒక షీట్ బరువు సుమారు 46 పౌండ్లు, అంటే 21 కిలోలు. చదరపు అడుగుకి ఒకటిన్నర పౌండు కూడా కాదు. ఐదెనిమిదో వంతు డ్రైవాల్ అయితే రెండు పౌండ్లు దాటుతుంది. దీపం తీగ, ఎక్స్‌టెన్షన్ వైరు, చీపురు లాంటి తేలికైనవి తగిలించడానికి ఎక్కడ కావాలంటే అక్కడ చిన్న స్క్రూ బిగించుకోవచ్చు. అదీ మాకు నచ్చింది.

స్ప్రే ఫోమ్ కొట్టించేయమని పక్కింటాయన సలహా ఇచ్చారు. ఫోమ్ మంటకి త్వరగా అంటుకుంటుంది కాబట్టి దాని ముందు అర అంగుళం డ్రైవాల్ గానీ, 23/32 అంగుళం చెక్క షీట్ గానీ అడ్డుగా ఉండాలి. 7/16 పనికిరాదు. ఫోమ్ మాట అక్కడితో వదిలేశాం.

సెప్టెంబర్ 8న పర్మిట్‌కి దరఖాస్తు చేశాం. కొత్త లైట్ల వైరింగ్‌కి పర్మిట్ కావాలి, సీలింగ్, ఇన్సులేషన్ కూడా అందులోనే కలిపేశారు. 140 డాలర్లు. ఏడు పనిదినాలు పట్టి 17న వచ్చింది. ఎలక్ట్రీషియన్ 24న వచ్చి నాలుగు ఎల్‌ఈడీ లైట్లు, ఒక కొత్త ప్లగ్ వేసి 780 తీసుకున్నారు. తలుపు మోటార్‌కి పైన ఉన్న పాత ప్లగ్‌కి జీఎఫ్‌సీఐ (షాక్ కొట్టకుండా కరెంటు ఆపేసే) రక్షణ లేదని గమనించి అది కూడా మార్చారు.

షీట్లు 19 ఆర్డర్ చేశాం. లెక్క ప్రకారం 528 చదరపు అడుగులకి పదహారున్నర చాలు, తప్పులకి రెండు అదనం. సెప్టెంబర్ 27, శనివారం డెలివరీ అన్నారు. శుక్రవారమే, మేము ఆఫీసుల్లో ఉండగా, డ్రైవ్‌వే మీద దించేసి వెళ్లిపోయారు. నాన్న ఒక్కరే ఇంట్లో ఉన్నారు. సాయంత్రం నాలుగింటికి వాన. ఆయన ఇంట్లో ఉన్న పాత దుప్పట్లు, షవర్ కర్టెన్ తెచ్చి కప్పారు. డెబ్బై ఒక్క ఏళ్ల మనిషి తడుస్తూ షీట్లకి కాపలా కాశారని కెమెరాలో చూసి నాకు ఏడుపొచ్చింది.

మామూలు వాన రెండు గంటలు పడితే ఏమీ కాదని స్టోర్‌వాళ్లు అన్నారు. ఎక్స్‌పోజర్ 1 అంటే ఇల్లు కడుతున్నప్పుడు కొన్నాళ్లు తడిసినా జిగురు ఊడదని అర్థం. ఊడలేదు, నిజమే. కానీ అడుగునున్న నాలుగు షీట్లు నీళ్లలో నిలబడి అంచులు ఉబ్బిపోయాయి. ఆరబెట్టాక కూడా ఆ ఉబ్బు తగ్గలేదు. ఓఎస్‌బీ అంచు ఒకసారి ఉబ్బితే మళ్లీ పూర్తిగా పాత మందానికి రాదు. రూఫ్ మీదైతే ఎవరికీ కనిపించదు, సీలింగ్‌లో రెండు షీట్ల మధ్య మెట్టులా కనిపిస్తుంది. ఫొటోలు పంపి, మూడుసార్లు ఫోన్ చేసి, ఒకసారి వెళ్లి మాట్లాడితే అక్టోబర్ 9న ఆ నాలుగూ మార్చి ఇచ్చారు.

సీలింగ్ మూసేముందు ఇన్‌స్పెక్షన్ సెప్టెంబర్ 29న. ఫెయిల్! వైరింగ్‌కి ఇబ్బంది లేదు. ఇంటి గోడలో, సీలింగ్ రాబోయే ఎత్తుకి పైన, మూడు చిల్లులున్నాయి. పాత కేబుల్ టీవీ వైరు చుట్టూ ఒకటి, ఏసీ గొట్టాల చుట్టూ ఒకటి, ఎందుకు చేశారో తెలియని పిడికిలంత కన్నం ఒకటి. మూడేళ్లుగా మా పిల్లల గదికీ గరాజ్‌కీ మధ్య మంటని ఆపే గోడకి కన్నాలున్నాయి, మేము ఒక్కసారి కూడా తల పైకెత్తి చూడలేదు. సీలింగ్ వేసేశాక అయితే అవి ఎప్పటికీ కనిపించేవి కావు. మూయకముందే ఇన్‌స్పెక్టర్‌ని పిలిపించమని నేను అందరికీ చెప్పేది ఇందుకే. రూఫ్ అంచుల్లో గాలి వచ్చే సాఫిట్ రంధ్రాలు ఇన్సులేషన్‌తో మూసుకుపోకుండా బ్యాఫిల్స్ (గాలికి దారి వదిలే పలకలు) పెట్టమని కూడా చెప్పి వెళ్లారు.

దసరా అక్టోబర్ 2న. పండగ రోజు సాయంత్రం పూజ అయ్యాక మా ఆయన, నాన్న నిచ్చెన మీద ఉన్నారు. పెద్ద కన్నానికి డ్రైవాల్ ముక్క కోసి బిగించి మడ్డు పూశారు. వైర్లు, గొట్టాల చుట్టూ ఫైర్ కాక్ (మంటకి తట్టుకునే, సందులు మూసే పేస్టు) నింపారు. ట్యూబులకి 36 డాలర్లు. మర్నాడు మళ్లీ ఇన్‌స్పెక్షన్, పాస్.

షీట్లు బిగించింది అక్టోబర్ 11, 12 తేదీల్లో. కాంట్రాక్టర్ బిగింపు కూలికే 1,400 అడిగితే మేమే చేసుకున్నాం. మా ఆయన, ఆయన ఆఫీసు స్నేహితుడు, నేను, నాన్న. డ్రైవాల్ లిఫ్ట్ రెండు రోజుల అద్దె 96 డాలర్లు. అది లేకుండా మాత్రం ఈ పనికి దిగొద్దు. షీట్‌ని దాని మీద పడుకోబెట్టి చక్రం తిప్పితే పైకి వెళ్లి ట్రస్‌లకి ఆనుకుంటుంది.

మొదటి ఎదురుదెబ్బ తలుపు మోటార్. అది, తలుపు పట్టాల వెనక భాగం కూడా ట్రస్‌లకి ఇనుప పట్టీలతో వేలాడుతున్నాయి. షీట్ వాటి పైకి వెళ్లాలంటే విప్పాలి. శనివారం ఉదయం మూడు గంటలు దానికే. తలుపు మూసి, దాన్ని కదపకుండా, పట్టాలకి కింద నుంచి చెక్కలు ఆనించి, మోటార్ దించాం. తలుపు పైన ఉండే పెద్ద స్ప్రింగ్ జోలికి మాత్రం వెళ్లలేదు, మీరూ వెళ్లకండి. అది మనిషి ప్రాణం తీసేంత బిగువులో ఉంటుంది.

రెండోది ట్రస్‌ల దూరం. కాగితంలో 24 అంగుళాలు. కొలిస్తే మూడో ట్రస్ దగ్గరికి ముప్పావు అంగుళం తేడా. కిందికడ్డీ వెడల్పు ఒకటిన్నర అంగుళం, దాని మీద రెండు షీట్ల అంచులు కలవాలి, ఒక్కోదానికి ముప్పావు అంగుళమే చోటు. కాబట్టి తేడా వచ్చిన చోట షీట్ అంచు గాల్లో తేలింది. ఇంజినీర్ ఉత్తరంలో ఒప్పుకున్నట్టుగా అక్కడ రెండు బై నాలుగు చెక్కలు పక్కన తగిలించాం.

నాన్న గొప్పతనం తెలిసింది ఇక్కడే. మేము గోడని ఆధారం చేసుకుని మొదలుపెట్టబోతుంటే ఆపారు. "అల్లుడుగారూ, గోడ వంకర ఉందో లేదో మీకు తెలీదు. ముందు దారం కొట్టండి." చాక్ లైన్ కొట్టి చూస్తే గోడ ఒక చివర అర అంగుళం లోపలికి ఉంది. గోడని నమ్ముకుని ఉంటే ఆరో వరసకి వచ్చేసరికి అంతా వంకరపోయేది.

షీట్ పొడవు ట్రస్‌లకి అడ్డంగా రావాలి, బలం ఆ దిశలోనే. షీట్‌కీ షీట్‌కీ మధ్య అంగుళంలో ఎనిమిదో వంతు సందు వదలాలి. తేమకి షీట్ పెరిగినప్పుడు చోటు లేకపోతే ఉబ్బి కిందికి వంగుతుంది. సందు కొలవడానికి దాదాపు అంతే మందమున్న 10డి మేకు పెట్టి తీసేశాం. అతుకులు ఒకే గీతలో రాకుండా ఒక వరస నిండు షీట్‌తో, తర్వాతి వరస సగం షీట్‌తో మొదలుపెట్టాం. ముందు డ్రైవాల్ స్క్రూలు వాడితే రెండింటి తలలు బిగింపులోనే విరిగాయి. అవి పెళుసు. రెండంగుళాల కన్‌స్ట్రక్షన్ స్క్రూలు 46 డాలర్లకి తెచ్చాం. అంచుల్లో ఆరంగుళాలకొకటి, మధ్యలో పన్నెండు అంగుళాలకొకటి. పైకెక్కి చూసుకోవడానికి 22 బై 30 అంగుళాల దారి వదిలాం, దానికి షీట్ ముక్కతోనే మూత.

ఆదివారం రాత్రి తొమ్మిదింటికి ఆఖరి షీట్ బిగిసింది. మా ఆయన భుజం మూడు రోజులు పైకి లేవలేదు. 19 షీట్లలో రెండు మిగిలాయి.

అక్టోబర్ 18న అంచులకి బ్యాఫిల్స్ పెట్టి ఇన్సులేషన్ పోశాం. ఫైబర్‌గ్లాస్ సంచులు పదికి పైగా కొంటే పోసే యంత్రం అద్దె లేకుండా ఇచ్చారు. 440 డాలర్లు. పొడుగు చేతుల చొక్కా, మాస్కు, కళ్లద్దాలు ఉన్నా రెండు రోజులు దురద. షీట్ల సందులని ముందే కింద నుంచి కాక్‌తో మూశాం, లేకపోతే గాలి అందులోంచే పోతుంది.

రంగు విషయం ఎవరూ ముందు చెప్పలేదు. నున్నటి వైపు కిందికి పెట్టాం. ఆ వైపే ముద్రలు, ఎర్ర అక్షరాలు. తెల్ల రంగు ఒక పూత వేస్తే మర్నాటికి ఆ అక్షరాలు, చెక్క పసుపు మరకలు మళ్లీ పైకి తేలాయి. మరకలని ఆపే ప్రైమర్ ముందు వేసి, తర్వాత రెండు పూతలు వేయాల్సి వచ్చింది. ఓఎస్‌బీ రంగుని తాగేస్తుంది. 165 డాలర్లు. దీపావళి 20న, ఆ రోజు కూడా గరాజ్‌లో పెయింట్ వాసనే. నాన్న అమ్మకి ఫోన్‌లో కొత్త సీలింగ్ చూపించి, తర్వాత దీపాలు చూపించారు.

మొత్తం కలిపితే దాదాపు రెండు వేల నాలుగు వందల యాభై డాలర్లు అయింది, ర్యాక్‌ల రిటర్న్ కాకుండా. అందులో షీట్లవి 240, డెలివరీకి 79. రెండు వారాలు మేము తల బద్దలు కొట్టుకున్న షీట్ ధర మొత్తం ఖర్చులో పదో వంతు కూడా లేదు.

బొమ్మల కొలువు పెట్టెలకి గోడ పక్కన నేల మీద నిలబడే అలమర కొన్నాం. సూట్‌కేసులు ఎనిమిది గుడి దగ్గర పరిచయమైన వాళ్లకి ఇచ్చేశాం.

ఫైనల్ ఇన్‌స్పెక్షన్ అక్టోబర్ 23న. అంతకు ముందురోజు నాన్న మార్కర్ తీసుకుని, పైకి వెళ్లే దారి మూత వెనక వైపు పెద్ద అక్షరాలతో రాశారు: "ఇది అటక కాదు. బరువు పెట్టకండి." ఇన్‌స్పెక్టర్ మూత తీసి, ఆ అక్షరాలు చూసి, ఏం రాశారని అడిగారు. చెప్పాను. ఆయన సంతకం పెట్టి, "ఈ ఇల్లు రేపు ఇంకెవరైనా కొంటే వాళ్లకి ఈ భాష రాదు కదా, కింద ఇంగ్లీష్‌లో కూడా రాయండి" అన్నారు. నాన్న 28న విమానం ఎక్కేలోపు అది కూడా రాశారు, 20-10-0-10 అంకెలతో సహా.